అదనపు గాలి

అదనపు చికిత్స అంటే అక్కర్లేని చికిత్స అని మీకెవరు చెప్పారు? ఆసుపత్రిలో ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పట్టే గదిని నడిపే ఆమెకు, అందరూ గాలమ్మ అని పిలిచే ఆమెకు, సాక్షాత్తూ పెద్ద డాక్టరే చెప్పాడు. రోగిని లోపలికి పంపే ముందు గాలమ్మ తల వాసన చూస్తుంది. నూనె ఉంటే ఆ గాలిలో నిప్పు రాజుకుంటుందని కడిగించిగానీ వదలదు. చెవులు దిబ్బడ వేయకుండా గుటకలు మింగమని అద్దం బయట నిలబడి తానే మింగి చూపిస్తుంది. ఆ రోజు వంతు ఒక దర్జీది. ముఖంలోకి పాకిన ఫంగస్ అతని కన్నొకటి తినేసింది. ఆపరేషనూ మందులూ సాగుతుండగా, రెండో కన్ను దక్కాలంటే ఈ గాలి కూడా తోడుండాలన్నాడు సర్జన్.

"అతన్ని రేపు చూద్దాంలే గాలమ్మా. ఛైర్మన్‌గారి బావమరిది వచ్చారు, ఫొటోల్లో మొహం నిగనిగలాడాలట," అన్నాడు పెద్ద డాక్టరు.

"దానికి సబ్బు చాలదా సార్?"

"దర్జీకిది అదనపు చికిత్సే కదమ్మా!"

"బావమరిదిగారికి ప్రాణాధారమా మరి?"

ఆయన మొహం చిట్లించి, బావమరిదిని పిలుచుకురావడానికి వెళ్లాడు. గాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకసారి ఒత్తిడి ఎక్కాక, దాన్ని మెల్లగా దించకుండా ఆ గదిని ఎంతటివాడూ తెరవలేడు. ఆమె దర్జీ మంచాన్ని లోపలికి జరిపి, తలుపు బిగించి, మీట తిప్పేసింది.