నోట్లో రిబ్బను

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మంచి ఫోటో కావాలంటే చీకటితోనే లేచి, బూట్లు తొడుక్కుని, ఇల్లు వదిలి వీలైనంత దూరం పోవాలని. హైటెక్ సిటీలో ఉద్యోగం, ఆఫీసుకు దగ్గర్లోనే ఫ్లాటు, మూడో తరగతి చదివే కూతురు, వీటన్నిటి మధ్యా నాకు ఫోటోల పిచ్చి పట్టుకుంది. ఆఫీసులో నాలాంటి పిచ్చివాళ్ళు ఇంకొందరు ఉండేవారు. అందరం శనివారాలు చెరువు గట్ల మీదా, బండరాళ్ళ గుట్టల మీదా పడి తిరిగేవాళ్ళం. మా గుంపుకి గురువు వేరే టీములో మేనేజరు, ఆయన్ని లెన్స్ బాబాయి అని పిలుచుకునేవాళ్ళం. నేను కొత్త కెమెరా ఇంటికి తెచ్చిన రోజున మావారు దాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఇది కెమెరానా, ఐదు లీటర్ల కుక్కరా?" అన్నారు. ఆ కుక్కరుతోనే నేను ఒకసారి మోకాళ్ళు పట్టేసేదాకా గట్టు మీద కూర్చుని, ఒక కొంగ తన పిల్లకు చేప తినిపిస్తున్న ఫోటో తీశాను. చూసినవాళ్ళంతా "ఆహా, తల్లిప్రేమ అంటే అదీ" అన్నారు. సరిగ్గా అదే సమయానికి మా ఇంట్లో నా కూతురి నోట్లో మా అత్తగారు ఇడ్లీ కుక్కుతున్నారన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. తల్లిని నేనే కదా, నాకూ తట్టలేదు.

మా అత్తగారిది గోపన్‌పల్లి. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచినచోట తాను జొన్నచేలకు కాపలా ఉండేదాన్నని చెబుతారు. మావాళ్ళు కోస్తా నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడినవాళ్ళు. నేను మాట మాటకీ 'అండి' తగిలిస్తే ఆవిడ, "గంత మర్యాదకు నాకు కడుపు నిండిపోతది బిడ్డా, ఇగ అన్నం ఎట్ల తినాలె?" అని ఏడిపించేవారు. నా కూతుర్ని ఇంట్లో అందరం పిడుగు అనేవాళ్ళం (ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటాను). పిడుగుకి నడుము దాటిన జుట్టు. వాళ్ళ బడిలో రెండు జడలు వేసి, పైకి మడిచి, నీలం రిబ్బన్లు కట్టి పంపాలి. ఆ పని అత్తగారిది. రోజూ పొద్దున బాల్కనీలో ఆవిడ స్టూలు మీదా, పిడుగు ఆవిడ ముందు నేల మీదా కూర్చునేవారు. నూనె, దువ్వెన, పాపిడి, తరవాత జడ. ఒక జడ అల్లుతున్నంతసేపూ రిబ్బను ఆవిడ పళ్ళ మధ్య ఉండేది. రిబ్బను నోట్లో ఉంది కదా అని మాటలు ఆగేవి కావు. "కద్లకు", "తల్కాయ్ ఇటు వెట్టు", "జర సేపు బొమ్మోలె కూసో" అన్నీ ఆ పళ్ళ సందుల్లోంచే వచ్చేవి. పిడుగు "అబ్బా నానమ్మా, నొప్పి!" అని అరిచేది. నేను వంటింట్లో డబ్బాలు సర్దుతూ, చెవిలో ఆఫీసు కాల్ పెట్టుకుని, ఈ గోలకి విసుక్కునేదాన్ని.

ఒకనాటి సాయంత్రం పిడుగు స్విమ్మింగ్ క్లాసు నుంచి వచ్చి, తల తుడుచుకుంటూ, ఆదివారం జుట్టు కత్తిరించేసుకుంటానని ప్రకటించింది. చెవుల దాకానేనట. టోపీలో పట్టడం లేదు, ఆరడం లేదు, వాళ్ళ కోచ్ కూడా అదే మంచిదన్నాడట. మావారు నావైపు చూశారు, నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ తలెత్తకుండానే, "తీపియ్యిండ్రి. నాకూ ఓ పని తప్పుతది" అన్నారు. కానీ ఆ తరవాత చాలాసేపు ఈనెలన్నీ గిన్నెలోకీ, కాయలు చెత్తలోకీ వేశారు. నేను చూసీ చూడనట్టు మళ్ళీ ఏరి పెట్టాను. అప్పుడు మొదటిసారి నాకు గుండెలో కలుక్కుమంది. ఆదివారం తరవాత ఆ బాల్కనీలో ఆ ఇద్దరూ అలా కూర్చోరు. నా దగ్గర కొంగలున్నాయి, తామరపూలున్నాయి, బండ మీద ఎండ కాచుకుంటున్న తొండ కూడా ఉంది. ఈ జడల పొద్దు మాత్రం ఒక్క ఫోటోలోనూ లేదు. ఆదివారంలోగా ఎలాగైనా దాన్ని పట్టుకోవాలనుకున్నాను.

మర్నాడు కెమెరా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మా బాల్కనీది పడమర ముఖం, పొద్దున్న ఎండ రాకూడదు. కానీ రోడ్డుకి ఆవలి పక్క అద్దాల ఆఫీసు ఒకటి ఉంది. మా భవనం వెనక పుట్టిన సూర్యుడు ఆ అద్దాల మీద పడి, అక్కణ్ణించి తిరిగి మా బాల్కనీలోకి వచ్చేవాడు. అత్తగారు దానికి 'దొంగెండ' అని పేరు పెట్టారు. "గీ ఎండకు వడియాలు ఎండవు గని, పోరి జుట్టు ఆరుతది" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లో విన్నాను, ఎండని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు కెమెరా కంటికి ఆనించుకుని చూద్దును కదా, ఆ బంగారు వెలుగు పిడుగు నూనె జుట్టు మీద జారుతోంది. అత్తగారి వేళ్ళ మధ్య మూడు పాయలు ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటూ పోతున్నాయి. ఆవిడ చేతులకేసి చూడనే చూడటం లేదు, రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తున్నారు. ఇంత అందమైన పని ఇన్నేళ్ళుగా నా ఇంట్లో నడుస్తుంటే నేను డబ్బా మూతలు వెతుక్కుంటున్నానా అనుకున్నాను. వేలు బటన్ మీదికి వెళ్ళింది. ఆ క్షణంలో అత్తగారు నన్ను చూశారు.

అంతే. రిబ్బను నోట్లోంచి మాయమైంది. కొంగు భుజం మీదికి వచ్చింది. నడుము నిటారైంది. ముఖంలోకి ఆధార్ కార్డు ఫోటోలో ఉండే గాంభీర్యం వచ్చి కూర్చుంది. "అత్తయ్యగారూ, నన్ను పట్టించుకోకండి, మీ పని మీరు చేసుకోండి" అన్నాను. "ఫోటో అంటే నల్గురు చూసేది. నోట్ల రిబ్బన్ వెట్టుకోని ఎవరన్న ఫోటో దిగుతరా? చూసినోళ్ళు ఏమనుకోవాలె?" అన్నారు ఆవిడ, పెదవులు కదలకుండా. నేను నచ్చజెప్పబోయాను. మామూలుగా ఉండటమే అందమనీ, అలాంటి ఫోటోలకే ఇప్పుడు విలువనీ ఏదేదో ఉపన్యాసమిచ్చాను. ఆవిడ ఓపిగ్గా విని, "సరే, రేపు తియ్యి" అన్నారు. ఎంత సంబరపడ్డానో! మర్నాడు వెళ్ళేసరికి అత్తగారు పట్టుచీర కట్టి, మెడలో గుండ్ల హారం వేసుకుని స్టూలు మీద కొలువుదీరి ఉన్నారు. పిడుగు యూనిఫాం వేసుకుని తలలో మల్లెపూలు పెట్టుకుంది. మావారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాళ్ళమ్మ వెనకాల, స్టూలు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "నాకేం తెల్వదు, అమ్మ నిలబడుమన్నది" అన్నారు నేను చూసిన చూపుకి.

ఆఫీసులో లెన్స్ బాబాయి దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని (ఆయన ఏం చెప్పినా కళ్ళు మూసుకునే చెబుతారు) "పిట్టకి కనబడకుండా ఉంటాం కదమ్మా, అత్తగారికీ అంతే" అన్నారు. తన పెద్ద లెన్స్ కూడా అరువిచ్చారు. మర్నాడు పొద్దున్నే బాల్కనీ మూల దండెం మీద ఆరేసిన దుప్పటి వెనక నక్కాను. అత్తగారొచ్చి కూర్చున్నారు. పిడుగు వచ్చింది. నూనె సీసా మూత తీసిన చప్పుడైంది. రిబ్బను నోట్లోకి వెళ్ళింది. ఊపిరి బిగబట్టాను. లోపల ఇంటర్‌కమ్ మోగింది. అత్తగారు లేచి వెళ్ళి స్పీకర్ నొక్కారు. కింద గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి గొంతు ఇల్లంతా వినబడింది. "అమ్మా, మీ బాల్కనీల దుప్పటి ఎనక ఎవలో దాక్కున్నరు. కాళ్ళు కనవడ్తున్నయి. పైకి రమ్మంటరా?" అత్తగారు బాల్కనీ దాకా వచ్చి, వంగి, నా చెప్పుల్ని గుర్తుపట్టి, వెనక్కి వెళ్ళి, "ఫికర్ చెయ్యకు నాయనా, దొంగ గాదు. మా కోడలు" అన్నారు.

శుక్రవారం నాటికి నా అవస్థ చూసి ఇంటిల్లిపాదికీ జాలి పుట్టింది. అత్తగారే పిలిచి, "పరేషాన్ గాకు బిడ్డా. మామూలుగ ఉండాలె, గంతే గద? మామూలుగ అంటే ఎట్లనో చెప్పు, గట్లనే ఉంట" అన్నారు. చెప్పబోతే నాకూ తెలియలేదు. రిబ్బను కొంచెం ఎడమ పక్కకి పెట్టుకోండి అన్నాను. బస్సుల వైపు చూడండి అన్నాను. పిడుగుని "అబ్బా నానమ్మా, నొప్పి!" అనమన్నాను. అది ముందు నవ్వింది, తరవాత బడి నాటకంలో అన్నట్టు చెయ్యి ఊపుతూ అంది. అత్తగారు బస్సుల్ని ఎంత తీక్షణంగా చూశారంటే, వాటిల్లో ఏదో ఒకటి వచ్చి ఆవిడ కాళ్ళ మీద పడుతుందేమో అనిపించింది. చేతులకి కూడా నేను చూస్తున్నట్టు తెలిసిపోయింది. ఏళ్ళ తరబడి తడబడని ఆ వేళ్ళు పాయలు తప్పాయి. జడ విప్పి మళ్ళీ అల్లారు. ఈలోగా పిడుగు బడి బస్సు వెళ్ళిపోయింది. మావారు బండి తాళాలు తీసుకుంటూ, "ఒక మామూలు పొద్దు కోసం ఇంత ఆగమాగమా?" అన్నారు. శనివారం బడి లేదు, జడా లేదు.

ఆదివారం పార్లరుకి నేనే తీసుకెళ్ళాను. అత్తగారు మోకాళ్ళ నొప్పులన్నారు. తిరిగొచ్చేసరికి టీవీ ముందు కూర్చుని, పిడుగుని తేరిపార చూసి, "మంచిగున్నది" అన్నారు. మళ్ళీ టీవీ వైపు తిరిగారు. టీవీలో ఏదో సబ్బు ప్రకటన వస్తోంది, దాన్ని చివరిదాకా చూశారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఫోటో పోయిందని కాదు, నిజంగా. అది అయిపోయిందని.

సోమవారం పొద్దున లెన్స్ బాబాయికి లెన్స్ తిరిగిచ్చెయ్యాలని దాన్ని కెమెరా నుంచి ఊడదీసి సంచిలో వేసుకున్నాను. నా మామూలు లెన్స్ బిగించి, కెమెరాని కూడా సంచిలో పెట్టబోతున్నాను. అన్నం డబ్బాలు సర్దటం ఇంకా అవలేదు, కుక్కరు (అసలైనది) కూత పెడుతోంది. ఎందుకో బాల్కనీ వైపు చూశాను. అత్తగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పక్కన నూనె సీసా, దువ్వెన. నోట్లో నీలం రిబ్బను. పిడుగు సగం నిద్రలో కళ్ళు నులుముకుంటూ వచ్చి, ఆవిడ ముందు బాసింపట్టు వేసుకుని, వీపు పెట్టి, తల వెనక్కి వంచింది. అత్తగారు రోడ్డు మీది బస్సులకేసి చూస్తూనే రెండు చేతులూ చాచి, దాని మెడ వెనక జుట్టుని పిడికిట్లోకి తీసుకోబోయారు. అక్కడేమీ లేదు. చేతులు గాలిలో ఆగిపోయాయి. పిడుగు మాత్రం పాపిడి కోసం తల పక్కకి పెట్టేసింది, అదింకా కళ్ళు తెరవలేదు. అత్తగారి కళ్ళు ఇంతింతయ్యాయి. నేను ఏమీ ఆలోచించలేదు. కెమెరా ఎప్పుడు కంటి దగ్గరికి వచ్చిందో, వేలు ఎప్పుడు నొక్కిందో నాకు తెలియదు.

ఆ చప్పుడుకి పిడుగు కళ్ళు తెరిచి, తల తడుముకుని, వెనక్కి తిరిగి నానమ్మ చేతుల్ని చూసింది. ఇద్దరూ ఒక్కసారిగా నవ్వటం మొదలుపెట్టారు. రిబ్బను ఒళ్ళో పడింది. పిడుగు లేవబోతే అత్తగారు దాని భుజాలు పట్టి కూలేసి, "ఏడికి? జడ లేకుంటే ఏంది, తలకాయ లేదా?" అని అరచేతి నిండా నూనె పోసుకుని మాడుకి మర్దనా మొదలుపెట్టారు. "అబ్బా నానమ్మా, నొప్పి!" అని అది అరిచింది. నేను కెమెరా పట్టుకునే ఉన్నాను కానీ ఇంకో ఫోటో తియ్యాలని తోచలేదు. కూత మీద కూత పెడుతున్న కుక్కరుని వదిలేసి, ఏదో గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయాను.

సాయంత్రం ఆ ఫోటో పెద్ద తెర మీద పెట్టి అత్తగారిని పిలిచాను. నోట్లో రిబ్బనుతో, నలిగిన చీరతో, గాలిలో చేతులతో ఉన్న ఫోటో, తిట్లు ఖాయమనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికొచ్చి చూశారు. తరవాత తెర మీది తన ముఖాన్ని వేలితో తాకి, "మా అమ్మ" అన్నారు. "గిట్లనే రిబ్బన్ పండ్ల నడుమ పట్టుకుంటుండె. అమ్మ ఫోటో ఒక్కటి గూడ లేదు బిడ్డా. ముఖం మర్చిపోతున్ననని భయమైతుండె. ఇగో, ఈడున్నది." మావారు, పిడుగు, నేను అందరం తెర వైపే చూస్తూ ఉండిపోయాం. అత్తగారి అమ్మని మేమెవరం ఎన్నడూ చూడలేదు. అయినా ఆవిడ వచ్చి మా హాల్లో కూర్చున్నట్టే ఉంది.

ఆ ఫోటోని పెద్దది చేయించి హాల్లో పెట్టి ఏళ్ళయింది. పిడుగు ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. లెన్స్ బాబాయి ఒకసారి వచ్చి చూసి, కళ్ళు తెరిచే, "ఫ్రేములో పిల్ల తల సగం కోసేశావేంటమ్మా?" అన్నారు. వచ్చినవాళ్ళకి ఆ ఫోటో నేను చూపించనక్కర్లేదు, అత్తగారే చెయ్యి పట్టుకుని తీసుకెళతారు. "ఈమె మా అమ్మ. ఈ కూసున్న పిల్ల నేను" అని చెబుతారు. వాళ్ళు ఫోటో వైపూ ఆవిడ వైపూ మార్చి మార్చి చూస్తారు. "నానమ్మా, అది నేను!" అని లోపలి గదిలోంచి పిడుగు అరుస్తుంది. అత్తగారు ఫోటో మీంచి చూపు తిప్పకుండానే, "నువ్వు గూడ" అంటారు. దుప్పటి వెనక నక్కిన ఆ వెర్రిదాన్ని తలుచుకుని నేను నవ్వుకుంటూ, వచ్చినవాళ్ళకి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళతాను.