ఈనిడ్ పాడిన దొరసాని పాట

ఈనిడ్ థ్వైట్ మా ఊరి బళ్ళో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించేది. ఆమెది మగగొంతు. "ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగితే వరసలో నిలబడ్డ కొత్త పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు. చిన్నప్పుడు చర్చిలో పాటలు నేర్పే ఆవిడ, "నువ్వు ఊరికే పెదాలు కదుపమ్మా, చాలు" అందట. ఆ తర్వాత ఈనిడ్ గిన్నెలు కడిగేటప్పుడు తప్ప మరెక్కడా పాడలేదు.

ఆ వంటింట్లోనే పని చేసే నేను మాత్రం రోజూ వినేదాన్ని. సాయంత్రాలు నేను మా ఊరి నాటక సమాజంలో పాడతాను. ఉన్ని మిల్లు వాళ్ళూ, కసాయి కొట్టాయనా, బడి పంతుళ్ళూ కలిసి ఏటా ఒక పాతకాలపు హాస్య సంగీత నాటకం వేస్తాం. ఆ ఏడు వేసినదాంట్లో ఒక ముసలి దొరసాని ఉంది. మొగుడి కోసం వెతుక్కుంటుంటే లోకమంతా ఆమెను చూసి నవ్వుతుంది. ఆ పాత్రకు లోతైన ఆడగొంతు కావాలి. మా దగ్గర లేదు. ఈనిడ్‌ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను.

ఆమె ఒక్క చరణం పాడగానే పియానో దగ్గరున్న ఆవిడ వాయించడం మరిచిపోయింది.

ఈనిడ్ భర్త హెరాల్డ్ బస్సు డ్రైవరు. అతనికి ఇది బొత్తిగా నచ్చలేదు.

"మొగుడు దొరకని ముసల్దానిలా ఊరందరి ముందూ నిలబడతావా? నవ్విపోతారే!"

"నవ్వడానికేగా వాళ్ళు టిక్కెట్టు కొనేది."

"నేను మాత్రం రాను."

"రాకు. ఓవెన్‌లో మాంసం కూరిన రొట్టె ఉంటుంది, తిని పడుకో."

రిహార్సల్లో మా దర్శకుడు క్లెగ్ ఒక దిండు పట్టుకొచ్చాడు. "ఇది వెనకాల కట్టుకో ఈనిడ్. నడుస్తుంటే ఊగాలి."

"దిండెందుకయ్యా, దేవుడిచ్చింది చాల్లేదా?"

అందరం పడీపడీ నవ్వాం. ఈనిడ్ మాత్రం నవ్వలేదు. "ఈ దొరసాని తను అందగత్తెనే అనుకుంటుంది. నేనూ అలాగే పాడతా."

"వందేళ్ళుగా ఇలాగే ఆడుతున్నారు తల్లీ!"

"ఆ వందేళ్ళలో నన్నెవరూ అడగలేదుగా."

క్లెగ్ దిండు తీసి కుర్చీ మీద వేసుకుని, దాని మీదే కూర్చున్నాడు.

శనివారం నాటకానికి చర్చి హాలు నిండిపోయింది. ఈనిడ్ రంగస్థలం మీదికి రాగానే నవ్వులు మొదలయ్యాయి. ఆమె తొందరపడలేదు. బళ్ళో గరిటె పట్టుకుని పిల్లల అల్లరి ఆగేదాకా చూసినట్టే చూస్తూ నిలబడింది. హాలు సద్దుమణిగాక, అద్దం ముందు తన తెల్లవెంట్రుకలు లెక్కపెట్టుకునే పాట అందుకుంది. మొదటి చరణానికి కొందరు కిసుక్కుమన్నారు. రెండో చరణానికి కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా లేదు. ఆ గొంతు, తెర పక్కన నిలబడ్డ నా అరికాళ్ళ కింద చెక్కల్లోంచి పైకి వచ్చినట్టుంది. చివరి మాట దగ్గర ఆమె ఒక్క కనుబొమ్మ ఎగరేసింది. అంతే, హాలు నవ్వుతో ఎగిరిపడింది. ముందువరసలో మా డాక్టరుగారి భార్య కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది.

"మళ్ళీ! మళ్ళీ పాడించండి! ఆవిడ మా ఆవిడండీ!" తలుపు దగ్గర్నించి ఒక కేక.

చూస్తే హెరాల్డ్. డ్యూటీ బట్టల్లో ఉన్నాడు, టోపీ గాల్లో ఊపుతున్నాడు. బస్సు రోడ్డు మీదే ఆపేసి వచ్చాడు. అందులోని ప్రయాణికులు కూడా అతని వెనకే వచ్చి మెడలు చాచి చూస్తున్నారు.

"కూర్చోవయ్యా, కనపడట్లేదు!" అన్నారెవరో.

"కూర్చోను!" అన్నాడు హెరాల్డ్.

ఈనిడ్ రెండోసారి పాడింది. మూడోసారి కూడా పాడాకే కథ ముందుకు కదలనిచ్చారు.

ఆ తర్వాత ఆమె గొంతును బట్టే క్లెగ్ నాటకాలు ఎంచుకునేవాడు. మరుసటేడు లోయకు అవతలి ఊరి సమాజం వాళ్ళు, మీ ఈనిడ్‌ను ఒక్క నాటకానికి పంపుతారా అని అడగడానికి వచ్చారు. మంచి టీ ఇచ్చాం, కేకు పెట్టాం, బస్సు దాకా సాగనంపాం.

ఈనిడ్‌ను మాత్రం ఇవ్వలేదు.