బావగారూ నేనూ, ఒక వాయవ్యపు గాలీ

ఈ ఉదయం పాలకొల్లు బస్టాండులో ఎవరో పెద్దమనిషి ఫోనులో మబ్బుల బొమ్మ చూపిస్తూ "మధ్యాహ్నం రెండింటికి వానండి, రాసిపెట్టుకోండి" అంటుంటే మా అక్క భర్త గుర్తొచ్చారు. బావగారంటే నాకు పడేది కాదు. ఆయనకి నేనన్నా అంతే. ఇద్దరికీ ఉన్నది మాత్రం ఒకటే పిచ్చి, వాతావరణం. చెరో బారోమీటరు, చెరో థర్మామీటరు. రోజూ ఆ అంకెలు వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళం. నా ఉష్ణోగ్రత ఒక డిగ్రీ ఎక్కువుంటే "థర్మామీటరు పొయ్యి పక్కన కట్టావా ఏంటి?" అనేవారు. గ్రూపులో మిగిలిన నలుగురూ మా తగువు చూడ్డానికే ఉన్నారని నా అనుమానం.

ఒక ఏడాది ఎండాకాలంలో, దాళ్వా పంట కోతలైపోయాక బావగారు ధాన్యమంతా వాళ్ళ ఊరి రోడ్డు మీద ఆరబోశారు. బారోమీటరు ముల్లు దిగుతోందని, గాలివాన రావచ్చని పొద్దున్నే గ్రూపులో రాశాను. "ఈయన వస్తుందన్నాడంటే రాదండి, హాయిగా ఆరబెట్టుకోండి" అని ఆయన జవాబు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు.

మధ్యాహ్నం డాబా మీద నిలబడ్డాను. పైరగాలి ఒక్కసారి ఆగిపోయింది. కొబ్బరాకు కదల్లేదు. వాయవ్యాన నల్లటి మబ్బు చుట్ట చుట్టుకుంటూ వచ్చింది. గాలి తిరిగి చల్లగా మొహాన కొట్టింది. ముప్ఫై తొమ్మిది డిగ్రీలు చూస్తుండగానే ఇరవై ఏడుకి పడిపోయాయి. పడుతున్న ముల్లు కాస్తా పైకి ఎగిరింది. ఆ గాలి బావగారి ఊరు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందని నాకు తెలుసు. "ధాన్యం మీద బరకాలు కప్పండి" అని ఫోనులో కొట్టాను. పొద్దుటి నవ్వు బొమ్మలు కనపడ్డాయి. కొట్టింది పంపకుండానే చెరిపేసి, అంకెలన్నీ టైముతో సహా పుస్తకంలో పొందిగ్గా రాసుకున్నాను.

సాయంత్రం అక్క ఫోను చేసింది. "ధాన్యం సగం కాలవలో కలిసిపోయిందిరా. ఎత్తబోయి మీ బావగారు జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. గాలివాన ముందు మీ ఊరే వచ్చిందంటగా, చెప్పలేకపోయావా?"

"నిద్రపోయానక్కా" అన్నాను.

మర్నాడు చూడ్డానికి వెళ్ళాను. చేతికి కట్టుతో మంచం మీదున్నారు. నా చేతిసంచిలోంచి పుస్తకం తొంగి చూస్తోంది. మంచి చేత్తో లాగి, పేజీ తిప్పి, ఎంతోసేపు చూశారు.

"రెండూ నలభైకి రాసుకున్నావు" అన్నారు. అంతే. పుస్తకం నా ఒళ్ళో పెట్టి గోడవైపు తిరిగారు. పోయేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏడేళ్ళున్నారు ఆయన. తప్పైందని ఆ ఏడేళ్ళలో ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకుంటూ గడిపేశాను, కాలమంతా నా ఒక్కడి కోసమే ఆగి ఉన్నట్టు.