గడియారాల బాబాయి చీమలు

గడియారాలు బాగుచేసే ఆయన్ని ఆ మెట్లెక్కినవాళ్లందరూ బాబాయ్ అనే పిలిచేవారు. మేడమీద చిన్న గది, కిటికీ పక్కన బల్ల, కంటికి బిగించుకునే భూతద్దం. అదే ఆయన లోకం. కింది వాటాలో అత్తాకోడళ్లు. కోడలు రోజూ మధ్యాహ్నం టీ తెచ్చి, సాసర్లో రెండు పంచదార బిళ్లలు పెట్టేది. ఆయనకు షుగరు. చెబితే ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని, ఆమె మెట్లు దిగగానే బిళ్లలు కిటికీ గట్టుమీద చీమలకు పెట్టేవాడు. అవీ దేవుడిచ్చిన ప్రాణాలే కదా.

పని లేనప్పుడు భూతద్దంలోంచి వాటిని చూసేవాడు. తీపి దొరికిన చీమ పొట్ట నేలకు రాస్తూ పుట్టకు పరిగెత్తేది. ఆ వాసన పట్టుకుని మిగతావి బారులు తీరేవి. కడుపు నిండిన చీమ ఆకలిగొన్నదాని నోటికి తీపి బొట్టు అందించేది. మనుషులకన్నా నయం, అనుకునేవాడు.

ఒక ఉదయం కింద కోడలి చంటిపాప గుక్కపట్టి ఏడ్చింది. పక్కలో చీమలు.

"పాలసీసా కడగడం కూడా చేతకాదా?" అత్తగారి గొంతు. "శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మన ఇంట్లో ఆజ్ఞ నీదే కాబోలు."

"రెండుసార్లు కడిగానత్తయ్యా."

"కడిగితే ఎందుకొస్తాయి? నీమీద పగా?"

బాబాయి కిటికీలోంచి వంగి చూశాడు. తన గట్టుమీది బారు నీళ్లగొట్టం వెంట దిగి, తిన్నగా వాళ్ల కిటికీలో దూరుతోంది. చెప్పాలనుకున్నాడు. కానీ మెట్లు దిగకుండా, తడిగుడ్డతో గట్టు తుడిచేశాడు. వాసన చెరిగినచోట చీమలు దిక్కుతోచక తిరిగాయి.

మధ్యాహ్నం ఎర్రబడ్డ కళ్లతోనే ఆమె టీ తెచ్చింది. సాసర్లో రెండు బిళ్లలు. అప్పుడూ ఆయన తల వంచుకునే ఉన్నాడు.

సాయంత్రం అత్తగారు కొడుక్కి అదే కథ చెబుతుంటే ఉండబట్టక, కిందికి దిగి జరిగిందంతా చెప్పేశాడు.

అత్తగారు నవ్వింది. "మా పంచదారే మా పిల్లను కుట్టించిందా తమ్ముడూ? వద్దమ్మా అంటే పోయేదిగా."

కోడలు నవ్వలేదు. "పొద్దున అత్తయ్య తిట్టడం మీకు వినబడింది కదా బాబాయ్?"

"వినబడిందమ్మా."

ఆమె పాపనెత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు వేళకే టీ వచ్చింది. సాసర్లో బిళ్లలు లేవు. ఎప్పటిలా దిగిపోకుండా, కప్పు ఖాళీ అయ్యేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఆయన తలెత్తకుండా తాగాడు.