అక్క పెట్టని సంతకం

నా చిన్నప్పుడు, డెబ్బైల నాటి మాట, మేం విశాఖ పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న గోదావరి జిల్లా నుంచి గుమాస్తాగా వచ్చారు. మామ్మ కూడా మాతోనే ఉండేది. పక్కింటి అక్క వాళ్ళు జాలరిపేట నుంచి వచ్చినవాళ్ళు. ఆమె తండ్రి పోర్టులో కళాసీ. అక్క రోజూ సముద్రపుటొడ్డున ఇసుకలో పరిగెత్తేది. ఆ ఏడు విదేశంలో జరిగే పరుగు పోటీలకు మన దేశపు జట్టులో ఆమె పేరు వచ్చింది.

ఇంకో పది రోజుల్లో ప్రయాణం అనగా, ఆ పోటీలు జరిగే దేశంలో ప్రభుత్వం మారిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు దక్షిణాఫ్రికా జట్టునూ పిలిచారు. నల్లవాళ్ళను తమతో కలిసి ఆడనివ్వని ఆ దేశంతో మనవాళ్ళు ఆడేవారు కాదు. మన జట్టు వెళుతుందో లేదో ఎవరూ తేల్చి చెప్పలేదు. వారం పాటు వార్తల వేళకు అక్క మా వరండాలో కూర్చుని రేడియో వినేది. నేను ఆమె మొహమే చూస్తూ ఉండేదాన్ని. చివరికి ఒక సాయంత్రం జట్టు వెళ్ళడం లేదని చెప్పారు.

నాన్నకు కోపం వచ్చింది. ఈ ఒక్కసారికి పంపమని ఢిల్లీకి అప్పటికప్పుడే అర్జీ రాశారు. "సంతకం పెట్టమ్మా. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు" అని కలం అందించారు. వార్తలు వినడానికి వచ్చిన జనం వరండా నిండా ఉన్నారు.

అక్క కలం అందుకుంది. మళ్ళీ దాన్ని అర్జీ మీదే పెట్టేసింది.

"బాబాయిగారూ, మామ్మగారు నాకు మంచినీళ్ళు ఏరే గ్లాసులో ఇప్పిత్తారు. నాకు తెల్దనుకుంతన్నారేటి?" అంది నెమ్మదిగా. "ఆ దచ్చినాఫ్రికాలో నల్లోళ్ళనీ అలాగే బైటెట్టేరంట. నాను ఎల్లి పరిగెడితే, అది బాగుందన్నట్టే గదా."

ఆ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది నేనే. అది తప్పని అంతవరకూ నాకు తోచనే లేదు.

నాన్న అర్జీ మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళారు. మామ్మతో ఏమన్నారో తెలియదు గాని, మర్నాటి నుంచి ఆ గ్లాసు కనిపించలేదు. మామ్మ చాలా రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

నేను అక్క వెనకే వెళ్ళాను. కుళాయి దగ్గర నిలబడి ఓణీ చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. సంతకం పెట్టేయవలసింది కదక్కా అన్నాను.

"పెట్టాలనే ఉందే. అందుకే ఏడుత్తన్నాను" అంది.

మరుసటి ఏడు ఆమె మోకాలు దెబ్బతింది. మళ్ళీ ఏ జట్టులోనూ పేరు రాలేదు.

మంచి పని చేస్తే మనసు తేలికపడుతుందని బడిలో చెప్పేవారు. తరవాత తరవాత అక్కలాగే నాకూ కొన్ని వదులుకోవలసి వచ్చింది. మనసేమీ తేలికపడలేదు. అయినా తప్పు చేశానేమోనని మాత్రం ఏనాడూ అనుమానపడలేదు.