నల్ల పీత నుదుటి మీద ఎర్ర చుక్క

ఈ సంగతి రాసి పెట్టడానికి ఒక కారణం ఉంది. నా పదవీ విరమణ సభలో మాట్లాడినవాళ్లు నా అలవాటొకటి గుర్తుచేశారు. షాపులో ప్రతి పనికీ జతచేసే జాబ్ కార్డు అడుగున "గుర్తులు ఎన్ని? పెట్టినదెవరు?" అని నేను రాయించేవాణ్ణి. దాని వెనక ఏదో పెద్ద లోహపు పోత పాడైన కథ ఉందని వాళ్లు చెప్పారు. ఒకాయన ఆ పోత ఎన్ని టన్నులో కూడా చెప్పాడు. మెడలో దండతో కూర్చుని నేను ఊరుకున్నాను. అలాంటి పోత ఏదీ లేదు. ఆ రెండు ప్రశ్నలూ ఒక సినిమా రాక్షసుడి బొమ్మ వల్ల పుట్టాయి. షాపులో కొత్తగా చేరేవాళ్లకు తప్పుడు కథ మిగలకూడదు.

అప్పటికి నేను భిలాయి ఉక్కు కర్మాగారం పేటర్న్ షాపులో చార్జ్‌మన్‌ని. ఫోర్‌మన్‌కి కింద, పనివాళ్లకు పైన ఉండే హోదా అది. సర్వీసు ఇంకా పద్నాలుగు నెలలుంది. పేటర్న్ అంటే పోత పోయవలసిన వస్తువుకి కర్రతో చేసే నమూనా. దాని చుట్టూ ఇసుక దట్టించి, నమూనాని బయటికి తీసి, మిగిలిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. నేను పదో తరగతి దాటలేదు. ఈ విద్యలో సగం మా పెద్ద మేస్త్రీల దగ్గర, మిగతా సగం సెక్టర్ 4 లైబ్రరీలో నేర్చుకున్నాను. మౌల్డింగు ఇసుక మీద, కలప మీద, రంగుల రసాయనం మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. ఇంజనీర్లు ఏదైనా సందేహం వచ్చి నా బెంచీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ గర్వం నా మొహంలో కనిపించేదని మా ఆవిడ సుశీల అనేది.

ఆ బొమ్మ తెచ్చిన జగన్నాథం మా కుటుంబ స్నేహితుడు, పక్కనే ఉన్న చరోదా రైల్వే యార్డులో గూడ్సు గార్డు. ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరే మారింది గానీ డ్యూటీకి మోసే పెట్టె బరువు తగ్గలేదని అతను నవ్వేవాడు. బొబ్బిలి వైపు మనిషి. అతని భార్య రమణమ్మ, మా సుశీల మంచి స్నేహితులు. రమణమ్మ అంతకు ఏడాది ముందు జబ్బు చేసి పోయింది. జగన్నాథానికి సినిమా రాక్షసుల బొమ్మలు పోగుచేసే సరదా. అలాంటివాళ్లంతా ఫోనులో ఒక గ్రూపుగా ఉండి, ఒకరి బొమ్మ మీద ఒకరు రివ్యూలు రాసుకుంటారు.

ఒక ఆదివారం పొద్దున్న అతను ఒక బొమ్మని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. జానెడున్నర ఎత్తు. మనిషి ఒళ్లు, పీత తల, కుడి చెయ్యి పెద్ద పీత డెక్క. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు. ఏదో పరాయి దేశపు సినిమాలో సముద్రంలోంచి లేచి వచ్చే రాక్షసుడట.

"ఎంత నిలబెట్టినా బోర్లా పడిపోతన్నాడండి గురూగారూ. డ్యూటీ నుంచి ఒచ్చి చూసేసరికి సాష్టాంగం చేస్తంటాడు. ఇంత రాక్షసుడికి అంత భక్తేటండి?" అన్నాడు.

అతను అడిగినవి రెండు. బొమ్మని పరీక్షించి, మా షాపులో పోతకి రాసినట్టు ఒక రిపోర్టు రాసివ్వాలి, దాన్ని అతను గ్రూపులో పెడతాడు. బొమ్మ నిలబడేట్టు చెయ్యాలి. "ఎక్కడ పనుందో మార్కులు పెట్టేసేను, చూసుకోండి. ఇది మాత్రం జాగ్రత్తండి, దీన్నొదులుకోలేను" అన్నాడు. నాకు అప్పగించండి అన్నాను. మార్కులెన్నో అడగలేదు.

మధ్యాహ్నం వంటింటి గట్టు మీద పని మొదలుపెట్టాను.

"ఆ పీతగాణ్ణి నా పొయ్యి దగ్గరెట్టకండి, పులుసెట్టీగల్ను" అంది సుశీల.

ముందు రిపోర్టు రాశాను. అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత భుజం దగ్గర అర మిల్లీమీటరు తప్పింది. మోచేతి కీలు వదులు. కుడి మడమ లోపలికి వాలింది. డెక్క బరువు వల్ల గురుత్వ కేంద్రం పాదాల ముందుకు జరిగింది. మోచేతి మీద, మడమ మీద తెల్ల పెన్సిలు గుర్తులున్నాయి. ఆ కాలుని వేణ్నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక నిటారుగా సరిచేసి, చన్నీళ్లలో పెట్టాను. ఈ రకం ప్లాస్టిక్ అలా వంగుతుందని లైబ్రరీ పుస్తకంలోనే చదివాను. కీలు బంతికి సుశీల దగ్గరున్న రంగులేని గోళ్లరంగు పలచగా రాసి ఆరనిచ్చాను. కీలు బిగిసింది. బోలుగా ఉన్న వీపు డిప్పలో, వెనక వైపు, పాత బేరింగు గోళీలు నాలుగు జిగురుతో అంటించాను. పీత నిలబడింది. బల్ల కుదిపినా పడలేదు.

అక్కడితో ఆపి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

బొమ్మ నుదుటి మీద కందిగింజంత ఎర్ర చుక్క ఉంది. వేలితో తడిమితే కాస్త ఉబ్బెత్తుగా తగిలింది. ఇక్కడ మా వృత్తి మాట ఒకటి చెప్పాలి. మా షాపులో పేటర్న్‌కి వేసే రంగులు అందం కోసం కావు, అవి ఆజ్ఞలు. నలుపు వేస్తే పోసిన ఉపరితలాన్ని ఉన్నదున్నట్టు వదిలెయ్యాలి. ఎరుపు వేస్తే అక్కడ లోహం అదనంగా ఉంది, చెక్కి తీసెయ్యాలి. నల్లటి ఒంటి మీద ఉబ్బిన ఎర్ర చుక్క. ముప్పై నాలుగేళ్లు ఆ రంగులే చదివిన కళ్లకి అది అచ్చంగా ఒక వాక్యం. జగన్నాథానికి ఈ రంగుల సంగతి ఒకసారి నేనే చెప్పాను కూడా. గుర్తుపెట్టుకుని మన పద్ధతిలో మార్కు పెట్టాడే అని ముచ్చటపడ్డాను.

సన్న ఆకురాయి పట్టాను. ఎర్ర రంగు పెళుసుగా, చిన్న చిన్న రేకులుగా లేచింది. బొమ్మల ఫ్యాక్టరీలో వేసే రంగు అలా లేవదు, పొడిగా రాలుతుంది. ఆ తేడా గమనించాను. గమనించి కూడా చెయ్యి ఆపలేదు. నునుపు చేసి, నల్ల రంగు అద్ది, రిపోర్టులో చివరి వాక్యం రాశాను: "నుదుటి మీది అదనపు పదార్థం తొలగించడమైనది."

మరుసటి ఆదివారం జగన్నాథం వచ్చాడు. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, బొమ్మని నిలబెట్టాడు, బల్ల కుదిపాడు. "క్యా బాత్ హై గురూగారూ! భక్తుడు కాస్తా పహిల్వానయ్యేడు" అని నవ్వాడు. తర్వాత దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. నవ్వు ఆగింది.

"బొట్టేదండి?"

ఏ బొట్టు అన్నాను. చుక్క సంగతి అర్థమై, అదనంగా ఉంది, తీసేశానని, రిపోర్టులో రాశానని చెప్పాను. నా గొంతులో ఇంకా కాస్త గర్వమే ఉంది.

అతను ఆ చోటుని బొటనవేలితో తడిమి చెప్పాడు. "మా ఆవిడెట్టిందండి. కొత్త వస్తువేదొచ్చినా బొట్టెట్టీది కదా. వీడు డబ్బాలోంచి దిగిన రోజున, రాక్షసుడైతే ఏటి, ఇంటికొచ్చినోడే కదా అంది. కుంకం నిలవలేదని స్టిక్కరంటించి, దాని మీద గోళ్లరంగేసింది."

సుశీల వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "నన్నో మాటడిగితే చెప్పనా? మన మిక్సీకెట్టింది కూడా రమణమ్మే" అంది నాతో.

గట్టు వైపు చూశాను. మిక్సీ ముందు భాగాన అదే ఎరుపు, అదే కందిగింజంత చుక్క. వారం కిందట దాని పక్కనే కూర్చుని నేను ఆకురాయి పట్టాను.

అదే రంగుతో మళ్లీ పెడతానన్నాను. కొలతకి కొలత, చోటుకి చోటు, తేడా తెలియకుండా పెట్టగలనన్నాను.

"వద్దండి. అది మీరెట్టిన బొట్టవుతాది" అన్నాడు జగన్నాథం. బొమ్మని తువ్వాల్లో చుట్టుకున్నాడు. టీ తాగి వెళ్లాడు. రిపోర్టు తిరిగి ఇమ్మని నేను అడిగితే ఇవ్వలేదు. చివరి వాక్యంతో సహా గ్రూపులో పెట్టాడని తర్వాత తెలిసింది.

ఆ సోమవారమే జాబ్ కార్డుల మీద ఆ రెండు ప్రశ్నలు రాయించడం మొదలుపెట్టాను. నేను నేర్చుకున్నది ఇంతే. గుర్తుని చదవడం పనితనంలో ఒక భాగం. ఆ గుర్తు మన షాపుదేనా, మరో ఇంటిదా అని అడగడం అంతకు ముందు చెయ్యవలసిన పని. ఆ ప్రశ్నకి జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఉండదు, గుర్తు పెట్టినవాళ్ల దగ్గరే ఉంటుంది. తీసిన పదార్థం తిరిగి రాదని మా వృత్తిలో మొదటి రోజే చెబుతారు. నేనే ఎంతోమందికి చెప్పాను.

ఇది రాయడానికి సాయపడినవాళ్లు ఉన్నారు. పాత పుస్తకాలు వెతికి ఇచ్చిన లైబ్రరీ సాహు దీదీకి, ఆ రెండు ప్రశ్నలనీ హిందీలో కార్డుల మీద అందంగా రాసిన మా పెయింటర్ దేవాంగన్ భయ్యాకి, ఈ కాగితాలు చదివి నా గొప్పలు కొన్ని కొట్టేయించిన సుశీలకి కృతజ్ఞతలు. ఇదంతా రాస్తానంటే "రాయండి, ఉన్నదున్నట్టు రాయండి" అన్న జగన్నాథానికి కృతజ్ఞతలు. పీత ఇప్పటికీ వాళ్లింట్లో నిలబడే ఉంది, నుదురు బోసిగా.

రమణమ్మగారికి కూడా. మా మిక్సీకి మోటారు రెండుసార్లు మార్పించాం. చుక్క ఉన్న పై డిప్ప మార్చలేదు.