పెదనాన్న మిషను, నేను కోసిన వైరు

మా పక్కింటి పెదనాన్న పోయారని సోమవారం పొద్దున నరసరావుపేట నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. అప్పుడు నేను మాచర్ల బస్టాండులో ఉన్నాను. నా బస్సు వచ్చి వెళ్లిపోయినా అక్కడే కూర్చుండిపోయాను. వరసకు ఆయన నాకేమీ కారు, గోడకు అవతలి ఇల్లు, అంతే. సొంత చుట్టాలు పోయినప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు.

మీలో ఎక్కువమందికి ఆయన తెలియకపోవచ్చు. జీవితమంతా రేడియోలు, టీవీలు బాగుచేశారు. అవి బాగుచేయించుకునేవాళ్లు లేకుండా పోయాక, పొలాల్లో పారేసుకున్న నగలు వెతకడానికి సొంతంగా ఒక మెటల్ డిటెక్టరు తయారుచేసుకున్నారు. ఒక కర్ర, దాని పైకొసన చిన్న డబ్బా, కిందికొసన పళ్లెమంత కాయిల్, రెంటినీ కలుపుతూ పొడుగాటి నల్ల వైరు, వినడానికి చెవులకు హెడ్‌ఫోన్. ముక్కుపుడక పోయిందనో, కమ్మ జారిందనో క్రోసూరు నుంచీ పెదకూరపాడు నుంచీ జనం వచ్చేవాళ్లు. లంకెబిందెలు చూపించమని కార్లేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మజ్జిగ ఇచ్చి, "పోయింది ఎతుకుతాగానీ దాచింది ఎతకనయ్యా" అని పంపేసేవారు.

ఆయన పద్ధతే వేరు. వస్తువు పోగొట్టుకున్న మనిషి, ఆ రోజు చేసిన పనిని అదే సాలులో మళ్లీ చెయ్యాలి. మిరపకాయ కోస్తుంటే పోయిందా, మళ్లీ కోస్తున్నట్టే వంగి నడవాలి. "బుర్ర మర్చిపోయింది నడుముకి గుర్తుంటదమ్మాయ్" అనేవారు. ముందు ఆ మనిషి వంగి, లేని కాయల్ని కోస్తూ, వెనక ఈయన కాయిల్ ఊపుకుంటూ, ఇద్దరూ ఎండలో మెల్లగా సాగిపోతుంటే చూస్తున్న నాకు కళ్లు మూతలు పడేవి. సెలవులకు ఊరెళితే వాళ్ల వెనకే పడి తిరిగేదాన్ని.

నాకు తొందర ఎక్కువ. చక్కగా ఉన్నదాన్ని కూడా సరిచేసి చెడగొట్టే బుద్ధి. రెండేళ్ల కింద ఒకరోజు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు, ఆ వైరు మిరపకొమ్మలకు తగులుకుంటోందని మూడు జానలు కోసేసి, కొసలు సోల్డరింగ్ చేసి టేపు చుట్టాను. ఇనప తాళంచెవి చూపిస్తే మిషను కూసింది. ఇంకేముంది, ఘనకార్యం చేశాననుకుని, ఆయనే చూసి మెచ్చుకుంటారని చెప్పకుండా ఊరుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కూలిపనికి వెళ్లే ఒక అక్క వచ్చింది. ముందురోజు ఆఖరి కోతలో పుస్తెలతాడు తెగిందట. ఒక పుస్తె దొరికింది, రెండోది లేదు. భర్తకు గుంటూరులో మర్నాడే గుండె ఆపరేషను. తెల్లారగానే చేను దున్నడానికి రోటవేటర్ వేస్తున్నారు.

"ఏం ఎదవ శకునమో ఇది, బాబాయ్. అది దొరక్కపోతే నేను ఆస్పత్రికి ఏం మొకం పెట్టుకుని పోవాలి?"

చేలో రెండు సాళ్లు నడిచినా మిషను మూగగానే ఉంది. పెదనాన్న తన ఉంగరం తీసి నేల మీద పెట్టి కాయిల్ ఆనించారు. అయినా పలకలేదు. ఆయన వేళ్లు వైరు వెంబడి పైకి పాకి, నా టేపు దగ్గర ఆగాయి.

"నేనే కోశాను పెదనాన్నా. అడ్డంగా ఉందని..."

కోప్పడతారనుకున్నాను. కోప్పడినా బాగుండేది. "ఈ పొడుగుకి ట్యూన్ చేశా గదమ్మా. తగ్గిస్తే ఇనుముకి కూసినా బంగారానికి కుయ్యదు. చెవొక్కటే ఇనదు, చెవిలోంచి బుర్రదాకా పోయే దారి కూడా ఇంటది. కోసిన ముక్క యాడుంది?"

మా కిటికీ కర్టెనుకు కట్టి ఉంది. ఆ మాట చెప్పగానే అంత గాభరాలోనూ ఆయనకు నవ్వొచ్చింది. స్కూటీ మీద పోయి తెచ్చాను. గట్టు మీద గ్యాస్ టంకంకర్రతో ఆయన ఒక్కొక్క పోగూ కలిపారు, పైనున్న అల్లిక తీగతో సహా. ఎక్కువైన వైరును కర్రకే బిగించి చుట్టి కట్టారు. "పొడుగైతే చుట్టుకోవాల. కొయ్యకూడదు" అన్నారు. అంతకుమించి ఒక్క మాటైనా అనలేదు. ఆ అనకపోవడానికి నేనింకా ఆయనకు రుణపడి ఉన్నాను.

పొద్దు వాలుతోంది. చేనంతా మిరప ఘాటు. ఆ అక్క మళ్లీ వంగింది. నాలుగో సాలు మధ్యలో పెదనాన్న కాయిల్ ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు జరిపారు. చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి ఆమె చెవులకు పెట్టారు.

"ఇను తల్లీ."

ఆమె వింది. "ఏందో గువ్వలాగా కూస్తంది బాబాయ్" అంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. నేను గబగబా వంగి మట్టి తవ్వబోతే పెదనాన్న నా భుజం పట్టుకుని ఆపారు.

"ఉండమ్మాయ్, కాసేపు ఇననియ్యి. నిన్నట్నుంచీ అన్నీ చెడ్డమాటలే ఇంటంది."

చేతికి అందేంత దూరంలో పుస్తె ఉంది. దాన్ని ఎవరమూ తీయలేదు. ఆయన కాయిల్‌ను దాని మీద మెల్లగా ఊపుతూ నిలబడ్డారు. రెండు చేతులతో హెడ్‌ఫోన్ చెవులకు అదుముకుని, ఆ ఎర్రటి నీరెండలో, ఆమె కళ్లు మూసుకుని వింటూనే ఉంది.